అంచు జరపడం

మార్కాపురంలో, తర్లుపాడు రోడ్డు మీద,
పలకల ఫ్యాక్టరీ వెనక గది నాది.
ఫ్యాను రెక్కల మీద, పాలగిన్నె మూత మీద,
పరిశోధన అని నేను పేరుపెట్టుకున్న కాయితాల మీద
రోజూ పల్చగా ఒక కొండ రాలుతుంది.

నాలుగేళ్ళుగా ఒకటే చిక్కు:
లోరెంజ్ తలంలో కుంభాకార బహుభుజులు.
రుజువు అర్థమవుతుంది, బొమ్మ కనపడదు.
ఆ మాటెత్తితే కాలేజీలో తోటి లెక్చరర్లు
టీ గ్లాసు కింద పెట్టి
జీతాల బిల్లు సంగతి అడుగుతారు.

కాశింబీ అడగదు.
ముప్ఫై ఏళ్ళుగా అంచులు కోస్తున్న మనిషి.
"ఏంది సారూ, బొమ్మ గీస్తావు గానీ మూయవే?"

అది మూసుకోదు, కాశింబీ.
అక్కడ దూరం మన దూరం కాదు.
ఇక్కడ పొదిలికి అడ్డంపడి పోతే దగ్గర;
అక్కడ తిన్నగా పోయిన దారే అన్నిటికన్నా పొడవు,
మలుపు తిరిగినకొద్దీ తరుగుతుంది.

"అయితే మా ఆయనకి ఆ ఊరే సరి" అంది
రంపం ఆపకుండా.

పైరేకు చిల్లులోంచి ఎండ దిగింది,
దిగుతూ వెడల్పయింది.
పలకపొడిలో దానికి రెండు అంచులొచ్చాయి.
ఇదిగో, ఇదే, అన్నాను, దీన్ని తిరగేసి చూడు:
ఈ రెండు వెలుగు గీతల నడుమ,
వాటిని ఎన్నడూ తాకకుండా,
అంచు వెనక అంచుగా ఒక గొలుసు.
ఒకే మడత మళ్ళీ మళ్ళీ.
పక్కకు పోయేకొద్దీ సాగినట్టు, ఒరిగినట్టు ఉంటుంది;
ఆ ఊరి కొలతతో కొలిస్తే మాత్రం అంతే పొడవు.

పొడి లేకపోతే వెలుగుకు హద్దు కనపడదు.
ఆ పొడే ఆమె దగ్గు.
అది నేను అనలేదు.

మూల విరిగిన పలకొకటి చేతికొచ్చింది.
తిప్పి చూసి, చెక్కకు ఆనించి,
"వాలు మార్చగూడదు సారూ, అంచునే జరపాల.
వాలు మార్చావా, అది ఇంకో పలక."
నూలు, ఇంకో నూలు, లోపలికి జరిగింది అంచు.
పక్కనున్న రెండూ ఆ మేరకు పొట్టయ్యాయి.
ఎదుటిది మాత్రం
తనకేం పట్టనట్టు ఉన్నది ఉన్నట్టే.

ఆ రాత్రి కరెంటు లేదు, నిద్రా లేదు.
వాలులన్నీ బిగించి
అంచుల్ని మాత్రమే జరుపుతూ పోతే
ప్రతి ఆకారమూ ఒక్క చుక్క.
చుక్కలన్నీ కలిసి ఒక దేశం,
వైశాల్యమే ఆ దేశానికి కొలబద్ద.
మన నేల మీది పలకలకు
ఆ దేశం గుర్రపు జీనులా విచ్చుకుంటుంది,
పోయినకొద్దీ ఇంకా చోటు.
వెలుగు నడుమ వేలాడే ఆ గొలుసుకో,
గుండ్రంగా ముడుచుకుంటుంది,
బత్తాయి మీంచి ఒలిచిన తొక్కముక్కలా.
పక్కపక్క అంచులే అందులో ఒకదాన్నొకటి ఎరుగుతాయి;
దూరపువి లంబంగా నిలబడి
పలకరించుకోవు.

నాలుగంచుల దానికి విచ్చుకునే నేల,
లెక్కలేనన్ని అంచుల దానికి
గోళం మీద గుప్పెడు చోటు!

తెల్లారి ఆమె రాకముందే
పలక మీద గీసి ఉంచాను.
చాలాసేపు చూసింది.
"ఇంత అంతులేనిది ఆ కాస్తలో ఎట్టా పట్టింది?"
ఒకే మడత తిరిగి తిరిగి వస్తుంది గనక, అన్నాను,
ఒక్కటి తెలిస్తే చాలు,
తక్కినదంతా తెలిసినట్టే.

దగ్గింది. చేతులకేసి చూసుకుంది.
రోజుకు రెండొందల పలకలు.
"అది నాకు తెలిసిందేలే" అంది.

తడిగుడ్డ తీసుకుని తుడవబోయి,
ఆగి,
"దీనికి నువ్వే డబ్బులు కట్టు."

పన్నెండు రూపాయలు.
చిల్లర లేదంటే
రేపిమ్మంది.